తిత్తి ఊదిన చెయ్యి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"ఘాట్ రోడ్డు మీద సైకిల్ తొక్కావు కదా, దాని గురించి ఓ పావుగంట మాట్లాడు, పిల్లలకు ఉత్సాహంగా ఉంటుంది" అని నిర్వాహక మిత్రులు అడిగారు. సరేనన్నాను. ఒప్పుకున్న రోజు నుంచి నాకు సరిగా నిద్ర లేదు. ఎందుకంటే ఆ ఘాట్ రోడ్డు గురించి మీలో చాలామందికి తెలిసిన కథలో సగం అబద్ధం. చెప్పింది నేనే. ఈ రోజు సైకిల్ గురించీ చెబుతాను, ఆ అబద్ధం గురించీ చెబుతాను. రెండూ ఒకే కథ.

ముందు సైకిల్‌తో మొదలుపెడతాను. మేము 1986లో పదో తరగతి రాసిన బ్యాచ్. మా ఊరి నుంచి ఈ బడికి నాలుగు కిలోమీటర్లు. మా ఇంట్లో సైకిల్ లేదు. మా వీధి చివర ఇంట్లో నా స్నేహితుడి వాళ్ళ నాన్నకు ఒక పాత నల్ల సైకిల్ ఉండేది. దాని మీద నా స్నేహితుడు తొక్కేవాడు, నేను వెనుక క్యారేజీ మీద రెండు పుస్తకాల సంచులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. అతని కాళ్ళు సీటు మీది నుంచి పెడల్‌కు అందేవి కావు. మొదటి ఏడాది కడ్డీ కింద నుంచి కాలు దూర్చి అర తొక్కుడు తొక్కాడు. అలా తొక్కుతూనే నన్ను మోశాడు. చెరువు కట్ట ఎక్కే చోట నేను దిగబోతే, "దిగకురా, దిగితే మళ్ళీ ఊపు రాదు, కూర్చో" అనేవాడు. ఊపిరి బుస కొడుతున్నా కట్ట ఎక్కించేవాడు. అలా మూడేళ్ళు.

ఆ సైకిల్ లెక్క ఇప్పుడు చెబితే మీకు నవ్వొస్తుంది. ముందు పళ్ళ చక్రానికి 44 పళ్ళు, వెనుక ఫ్రీవీల్‌కు 18. పెడల్ ఒక చుట్టు తిప్పితే వెనుక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత 2.2 మీటర్లు. అంటే ఒక్క తొక్కుడు చుట్టుకు 5 మీటర్ల పైన బండి ముందుకు పోవాలి. చదును రోడ్డు మీద ఇది హాయి. ఎత్తు ఎక్కేటప్పుడు ఆ ఐదు మీటర్ల బరువంతా ఒక్క చుట్టులోనే కాళ్ళ మీద పడుతుంది. పదమూడేళ్ళ పిల్లవాడు ఆ బండి మీద ఇంకో పిల్లవాణ్ణి కూర్చోబెట్టుకుని కట్ట ఎక్కించాడంటే అది ఎంత పనో ఇంజనీరునయ్యాక గానీ నాకు తెలియలేదు.

పదో తరగతి ఫలితాల్లో నేను గట్టెక్కాను. అతను లెక్కల్లో తప్పాడు. "సెప్టెంబరు పరీక్షకు నేను చెబుతాలే, రోజూ సాయంత్రం కూర్చుందాం" అన్నాను. నాలుగు సాయంత్రాలు కూర్చున్నాం. తర్వాత ఇంటర్‌కు నేను ఖమ్మం వెళ్ళిపోయాను. సెప్టెంబరు వచ్చింది, పోయింది. అతను పరీక్షకు వెళ్ళలేదు. సైకిల్ షాపులో పనికి కుదిరాడు. ఇప్పుడు అదే పనిలో సొంత దుకాణం. నలభై ఏళ్ళలో నేను ఊరికి వచ్చినప్పుడల్లా అటు వెళ్ళి పలకరించేవాణ్ణి. ఆ నాలుగు సాయంత్రాల మాట అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇక ఘాట్ రోడ్డు సంగతి. ఉద్యోగం వల్ల విశాఖపట్నంలో స్థిరపడ్డాను. యాభై దాటాక షుగరు అంచున ఉన్నావని డాక్టరుగారు చెప్పారు. నడక విసుగనిపించి సైకిల్ కొన్నాను. గేర్ల సైకిలు, సన్నటి టైర్లు, వంకర హ్యాండిల్. దాని ధర మా ఆవిడకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు, దయచేసి ఈ మాట సావనీర్‌లో వేయకండి. ఆదివారాలు బీచ్ రోడ్డు మీద తిరిగే నాలాంటి ఉద్యోగులు కొందరు పరిచయమయ్యారు. సైకిల్ వాళ్ళు నలుగురు చేరితే చివరికి మాట కొండల మీదికే పోతుంది. మా వైపు కొండ అంటే అరకు ఘాట్.

మీలో చాలామంది అరకు రైల్లో వెళ్ళి ఉంటారు. బైలాడిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన కొత్తవలస-కిరండూల్ లైను అది. దారి పొడవునా సొరంగాలే. శిమిలిగూడ స్టేషను సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తులో ఉంది. రోడ్డుది వేరే దారి. విశాఖ నుంచి అరకుకు సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటి బొడ్డవర వరకు మామూలు రోడ్డే. అక్కడి నుంచి కొండ మొదలు. త్యాడ, డముకు, అనంతగిరి, కాఫీ తోటలు, మిరియాల తీగలు అల్లుకున్న చెట్లు, ఆ పైన గాలికొండ మలుపు. అక్కడికి ఎక్కాక రోడ్డు అరకు లోయలోకి దిగుతుంది.

మా పందెం ఇది: శృంగవరపుకోటలో తెల్లవారుజామున బయలుదేరి గాలికొండ దాకా ఎక్కడా కాలు కింద పెట్టి నడవకుండా వెళ్ళాలి. టీ తాగడానికి ఆగొచ్చు, తోసుకుంటూ నడవకూడదు. కప్పూ లేదు, బహుమతీ లేదు. చేశానని చెప్పుకోవడమే.

నేను ఇంజనీరును కదా, ముందు కాగితం మీద ఎక్కాను. నా బరువు, సైకిల్, నీళ్ళు కలిపి 90 కిలోలు. ఎక్కాల్సిన ఎత్తు వెయ్యి మీటర్లనుకుందాం. 90 కిలోలను వెయ్యి మీటర్లు ఎత్తడానికి 882 కిలోజౌళ్ళ పని. మూడు గంటల్లో ఎక్కాలంటే అది 82 వాట్లు. టైర్ల రాపిడి, గాలి కలిపితే వంద దాటుతుంది. అంటే మూడు గంటల పాటు పాత కాలపు వంద వాట్ల బల్బును కాళ్ళతో వెలిగించినట్టు. మన ఒళ్ళు తిన్నదాంట్లో నాలుగో వంతే పనిగా మారుస్తుంది, మిగతాది చెమటగా, వేడిగా పోతుంది. కాబట్టి ఎత్తు ఎక్కడానికే దాదాపు ఎనిమిది వందల యాభై క్యాలరీలు కావాలి. ఇడ్లీల్లో చెప్పాలంటే పదిహేను పైచిలుకు. ఈ లెక్క చూసి నాకు ధైర్యం వచ్చింది. పదిహేను ఇడ్లీలు తినడం నాకు కష్టం కాదు.

2023 డిసెంబరులో బయలుదేరాం. చలి, పొగమంచు. మొదటి గంట గాల్లో తేలినట్టుంది. ముందున్న కుర్రాళ్ళ వెనుకే పోయాను. త్యాడ దాటాక కాళ్ళు బరువెక్కాయి. అన్నిటికంటే తేలిక గేరులోనే ఉన్నాను, అయినా ప్రతి చుట్టుకూ లేచి నిలబడి తొక్కాల్సి వచ్చింది. ఒక మలుపు దగ్గర రెండు తొడలూ ఒకేసారి పట్టేశాయి. సైకిల్‌తో సహా రోడ్డు పక్క గడ్డిలో పడ్డాను. అరగంట కూర్చున్నా కాలు మడత పడలేదు. పైకి వెళ్ళే జీపు ఒకటి ఆపి, సైకిల్ పైన కట్టించి గాలికొండ దాకా ఎక్కాను. మిగతా వాళ్ళు అప్పటికే అరకు దిగిపోయారు.

అక్కడ దిగాను. ఎండ వచ్చింది. లోయ కనిపిస్తోంది. సైకిల్‌ను గోడకు ఆనించి ఫొటో తీయించుకున్నాను. మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. "గాలికొండ. సైకిల్ మీద." రెండే మాటలు. జీపు మాట రాయలేదు. సాయంత్రానికి అభినందనలు వరద. మన మాస్టారొకరు, ఇప్పుడు ఎనభై దాటిన వారు, "నా శిష్యుడు కొండలు ఎక్కుతున్నాడు" అని రాశారు. ఆయన ఈ సభలోనే ఉన్నారు. మాస్టారూ, మీ శిష్యుడు ఎక్కలేదండీ. జీపు ఎక్కింది. క్షమించండి.

మూడు రోజుల తర్వాత ఫోను. నా పాత స్నేహితుడు. అతను ఆ గ్రూపులో లేడు. ఎందుకు లేడో చివర్లో చెబుతాను. దుకాణానికి పంక్చరుకు వచ్చిన మన బ్యాచ్ మిత్రుడొకడు ఫోనులో ఆ ఫొటో చూపించాడట. క్షేమ సమాచారాలయ్యాక అడిగాడు.

"ఏరా, ఫొటోలో వెనుక పళ్ళ చక్రం పెద్దది చేసి చూశాను. అన్నిటికన్నా పెద్దదానికి ఎన్ని పళ్ళు? ఇరవై ఎనిమిదేనా?"

"అవును."

"ముందు చిన్నది?"

"ముప్ఫై నాలుగు."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: "ఆ పళ్ళతో, ఆ పొట్టతో, నువ్వు ఆ కొండ ఎక్కలేదు కదూ?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "లేదురా" అన్నాను. అతను నవ్వలేదు. గ్రూపులో ఎవరికీ చెప్పలేదు కూడా. "నీ తప్పు కాదులే, బండి తప్పు. సంక్రాంతికి వచ్చేటప్పుడు పట్టుకురా" అన్నాడు.

సంక్రాంతికి కారు వెనుక కట్టుకుని వచ్చాను. అతను సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి, పెడల్ చేత్తో తిప్పుతూ, వేళ్ళ మీద లెక్క చెప్పాడు. "ఇప్పుడు నీ తేలిక గేరులో ఒక చుట్టుకు రెండున్నర మీటర్లు పోతోంది. నీకు రెండు మీటర్లే కావాలి. వెనుక ముప్ఫై నాలుగు పళ్ళది వేద్దాం. ముందు ముప్ఫై నాలుగు, వెనుక ముప్ఫై నాలుగు. నువ్వొక చుట్టు, అదొక చుట్టు. మెల్లిగా పోతావు. కానీ పోతావు." గేరు మార్చే చేయి పొడుగుది కావాలని, చైను కూడా పెంచాలని చెప్పాడు. సామాను తెప్పించి నెల తర్వాత వేసిచ్చాడు. తర్వాత నేను కాగితం మీద చేసి చూశాను. 28 పోయి 34 వస్తే ప్రతి తొక్కుడుకూ కావలసిన బలం 18 శాతం తగ్గుతుంది. నేను ఇడ్లీల దాకా లెక్క వేశాను గానీ ఈ లెక్క వేయలేదు. మొత్తం ఎంత పని చేయాలో చూశాను, ఒక్కో చుట్టులో ఎంత మోయాలో చూడలేదు. లెక్కల్లో తప్పింది అతనని మన రిజిస్టరులో ఉంది.

తేలిక గేరు వాడటం చిన్నతనమేమో అనుకునే వాళ్ళకు ఒక చరిత్ర చెబుతాను. ఫ్రాన్సు దేశం చుట్టూ సాగే టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం 1903లో మొదలైంది. 1910లో దాన్ని పిరనీస్ పర్వతాల మీదికి తీసుకెళ్ళారు. అప్పుడు గేర్లు మార్చే సదుపాయం లేదు. మహా వీరులు కూడా కొన్ని చోట్ల దిగి తోసుకుంటూ నడిచారు. నడుస్తూనే గేర్లు మార్చుకునే డిరైలర్‌ను ఆ పందెంలో 1937 దాకా అనుమతించలేదు. మనిషి కష్టపడాలి గానీ యంత్రం సాయం చేయకూడదని నిర్వాహకుల పట్టుదల.

అదే పందెంలో 1913లో యూజీన్ క్రిస్టఫ్ అనే ఆయనకు తూర్మలే కనుమ దిగుతుండగా సైకిల్ ముందు ఫోర్కు విరిగింది. ఎవరి సాయమూ తీసుకోకూడదని నియమం. సైకిల్ భుజాన వేసుకుని పది కిలోమీటర్లకు పైగా నడిచి కింద ఊళ్ళో కమ్మరి కొలిమికి చేరాడు. ఇనుము కాల్చి, సుత్తితో కొట్టి, తన చేత్తోనే ఫోర్కు అతుక్కున్నాడు. పందెం అధికారులు పక్కనే నిలబడి చూశారు. రెండు చేతులూ పనిలో ఉంటే కొలిమి తిత్తి ఎవరు ఊదుతారు? ఒక కుర్రవాడు ఊదాడు. అది బయటి సాయమని ఆయనకు శిక్షగా సమయం కలిపారు. ఆ ఊళ్ళో ఇప్పుడు క్రిస్టఫ్ పేరున ఫలకం ఉంది. ఈ కథ చదివినప్పుడు నాకు క్రిస్టఫ్ కంటే ఆ కుర్రవాడే ఎక్కువ గుర్తుండిపోయాడు.

మళ్ళీ కొండకు వస్తాను. బండి బాగయింది, నేను బాగవ్వాలి. పిల్లలూ, మీ నాన్నలకు ఈ భాగం చెప్పండి. ముందు డాక్టరు దగ్గర గుండె పరీక్ష చేయించుకున్నాను. యాభై దాటిన వాడు అది చేయించుకోకుండా కొండ మీదికి పోవడం ధైర్యం కాదు, తెలివితక్కువతనం. వారానికి మూడు రోజులు సైకిల్, అందులో ఒక రోజు కైలాసగిరి ఎక్కడం. మొదట ఒకసారి, తర్వాత రెండు, తర్వాత నాలుగు. పక్కవాడితో మాట్లాడగలిగినంత వేగంలోనే ఎక్కాలి. మాట ఆగిందంటే వేగం ఎక్కువైనట్టే. ఆకలి వేయకముందే తినాలి: అరగంటకోసారి అరటిపండో, పల్లీ చిక్కీయో. నీళ్ళలో ఉప్పు, పంచదార. పది నెలల్లో ఆరు కిలోలు తగ్గాను. షుగరు అంచు నుంచి కొంచెం వెనక్కి జరిగింది.

2024 నవంబరులో రెండోసారి. ఈసారి అతన్ని రమ్మన్నాను. బస్సెక్కి వచ్చాడు. సముద్రం చూడటం అదే మొదటిసారట. తెల్లవారుజామున నాలుగున్నరకు శృంగవరపుకోటలో బయలుదేరాను. మా అబ్బాయి నడిపే మోటారు సైకిల్ వెనుక పంపు, రెంచీలు ఒళ్ళో పెట్టుకుని అతను కూర్చున్నాడు. నలభై ఏళ్ళ కిందట నేను కూర్చున్నట్టే.

కుర్రాళ్ళు ముందుకు పోయారు. నేను పోనిచ్చాను. నేనొక చుట్టు, చక్రమొక చుట్టు. త్యాడ దాటింది. పోయినసారి పడిన మలుపు వచ్చింది, గడ్డి అలాగే ఉంది, దాటింది. డముకు దగ్గర టీ. అనంతగిరి. కాఫీ పండ్లు ఎర్రగా పండి ఉన్నాయి. బొంగులో చికెన్ కాల్చే పొయ్యిలు అప్పుడే రాజేస్తున్నారు. ఆ వాసనకు ఆగకుండా పోవడమే ఆ రోజు అన్నిటికన్నా పెద్ద పరీక్ష.

అనంతగిరి దాటాక ఒక నిట్ర ఎత్తు. ఎదురుగా లారీ వచ్చింది, నేను అంచుకు జరిగాను, ఊపు పోయింది. రెండు చుట్లు తిప్పాను. మూడోది తిరగలేదు. కాలు కింద పడింది. పందెం అక్కడ పోయింది.

వెనుక మోటారు సైకిల్ ఆగింది. అతను దిగి వచ్చాడు. "చెయ్యి వేసి తోయనా?" అన్నాడు. వద్దన్నాను. "అయితే నడువు, నేనూ నడుస్తా" అన్నాడు. ఇద్దరం సైకిల్‌కు చెరో పక్కన నడిచాం. రెండు వందల మీటర్లు ఉంటుందేమో. అప్పుడు అడిగాను, నలభై ఏళ్ళుగా అడగనిది. "సెప్టెంబరు పరీక్షకు ఎందుకు పోలేదురా? నేను చెప్పకపోవడం వల్లేనా?"

అతను రోడ్డు వైపే చూస్తూ అన్నాడు: "కొంత అదే. కొంత మా నాన్నకు బాగోలేక. కొంత నాకే భయం. అంతా నీ మీద వేసుకోకు. కానీ, ఐదో రోజు సాయంత్రం కూడా నేను పుస్తకం పట్టుకుని మీ అరుగు మీద కూర్చున్నా. మీ అమ్మ చెప్పింది, నువ్వు పొద్దున్నే బస్సెక్కావని."

నేనేం మాట్లాడలేదు. కాస్త చదునైన చోటు వచ్చాక "ఎక్కు, ఇక్కడ ఊపు వస్తుంది" అన్నాడు. ఎక్కాను. గాలికొండ చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. ఫొటో మాత్రం అక్కడ తీయించుకోలేదు. తిరుగు ప్రయాణంలో, కాలు కింద పెట్టిన చోట ఆగి, ఇద్దరం కలిసి తీయించుకున్నాం. అది ఇప్పుడు నా దగ్గరుంది, సంపాదకులకు ఇస్తాను.

దిగేటప్పుడు జాగ్రత్త గురించి ఒక్క మాట. ఎక్కడానికి పెట్టిన 882 కిలోజౌళ్ళూ దిగేటప్పుడు ఎక్కడికో పోవాలి. చాలా భాగం బ్రేకుల్లో వేడిగా పోతుంది. బ్రేకు పట్టుకునే ఉంటే రిమ్ము కాలి ట్యూబు పగలొచ్చు. ముందు బ్రేకు, వెనుక బ్రేకు మార్చి మార్చి వేస్తూ, వదులుతూ దిగాలి. మలుపుకు ముందే వేగం తగ్గించాలి, మలుపులో కాదు. ఇది కూడా అతను చెప్పిందే.

సైకిల్ దుకాణం చిన్నదని అనుకోవద్దు. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కిన ఇద్దరు గురుకుల విద్యార్థుల్లో నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ పేరు అందరికీ తెలుసు. ఆమెతో పాటు ఎక్కిన ఆనంద్ కుమార్ మన భద్రాచలం వైపు చర్ల మండలం పిల్లవాడు. ఒక సైకిల్ మెకానిక్ కొడుకు.

ఇప్పుడు చివరి మాట. నా స్నేహితుడు మన బ్యాచ్ గ్రూపులో ఎందుకు లేడు? ఆ గ్రూపును తయారు చేసింది నేను. పదో తరగతి పాసైన వాళ్ళ జాబితా తీసుకుని, దాన్నే పూర్వ విద్యార్థుల జాబితా అనుకున్నాను. ఈ సభకు ఆహ్వానాలు కూడా ఆ జాబితా చూసే వెళ్ళాయి. మన బ్యాచ్‌లో తప్పిన వాళ్ళు, ఎనిమిదిలో తొమ్మిదిలో ఆగిపోయిన వాళ్ళు, పెళ్ళి చేసి పంపించేసిన మన తోటి ఆడపిల్లలు ఒక్కరూ అందులో లేరు. వాళ్ళూ ఇదే చెట్టు కింద అన్నం తిన్నారు. ఇదే గంట విన్నారు. కార్యవర్గాన్ని నేను కోరేది ఒక్కటే: సావనీర్‌లో అచ్చయ్యే జాబితాకు హాజరు పట్టీని ఆధారం చేసుకోండి, ఫలితాల పట్టీని కాదు. మన బ్యాచ్ వరకు ఆ పని నేను చేసి తెచ్చాను. మొదటి జాబితాలో 31 పేర్లున్నాయి. ఇందులో 52 ఉన్నాయి.

అతన్ని వేదిక మీదికి పిలుద్దామనుకున్నాను. రానన్నాడు. పొద్దున పిల్లల సైకిల్ ర్యాలీలో రెండు సైకిళ్ళకు చైన్లు జారాయట, గేటు దగ్గర వేపచెట్టు కింద సరిచేస్తున్నాడు. సభ అయ్యాక అటు వెళ్ళి పలకరించండి. చేతులకు గ్రీజు ఉందని కరచాలనం వద్దంటాడు. వినకండి.